లెక్క ఒకటి తప్పొచ్చు

ప్రెస్సు షాపులో మనుషుల్ని మిగిలిన వేళ్ల లెక్కతో పిలిచేవాళ్లు. తలుపుల బందులకు రేకు కోసి వంచే యంత్రాలు అక్కడ పదకొండున్నాయి. వాటి దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డవాడి చేతులు పూర్తిగా ఉండటం అరుదు. అందుకని ఒకడు తొమ్మిది, ఒకడు ఎనిమిది, గేటు పక్క యంత్రం మీద ఉండేవాడు ఏడున్నర. ఈ పేర్లన్నీ పెట్టింది ఒక్కడే, ఏడో నంబరు ప్రెస్సు మీద ముప్పై ఏళ్లుగా ఉన్నవాడు. అతణ్ని మాత్రం అందరూ పది అనేవాళ్లు, కాస్త కడుపుమంటతో.

"ఏరా ఏడున్నరా, ఆ అర ఎందుకురా దాచుకున్నావు? చెవిలో తిప్పుకోడానికా?" అని టీ దగ్గర అందరి ముందూ అడిగేవాడు. నవ్వనివాడికి మర్నాడు ఇంకో మాట తగిలేది.

"పది వేళ్లతో వచ్చాను, పది వేళ్లతోనే పోతాను" అనేది అతని ఊతపదం. ఆ మాట అన్నాక రెండు చేతులూ గాల్లో ఆడించి చూపించేవాడు.

షాపుకి పైన, అద్దాల గదిలో అతని చెల్లెలు పనిచేసేది. నలభై ఆరేళ్ల మనిషి. కిందవాళ్లు ఆమెకి పెట్టిన పేరు చీటీలక్క. ఆ పేరు రావడానికి కారణం ఆమె పనిచేసే తీరు.

ఒక్కో ప్రెస్సుకీ చెప్పుల పెట్టంత కంప్యూటరు ఉంటుంది. దాంట్లో నడిచే ప్రోగ్రాంలో పనులు ఒకదాని తర్వాత ఒకటి జరగవు. ఒక్కో పనికి ఒక్కో థ్రెడ్డు, అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఒక థ్రెడ్డు ప్రెస్సు వేసే దెబ్బలు లెక్కపెడుతూ ఉంటే, అదే సమయంలో ఇంకో థ్రెడ్డు యంత్రం లోపల చెయ్యి ఉందో లేదో చూస్తూ ఉంటుంది, ఇంకొకటి దెబ్బ వెయ్యాలా ఆగాలా తేలుస్తుంది. అన్నిటికీ మెమరీ ఒకటే. గడులు గీసిన ఒకే పలక మీద ముగ్గురు రాస్తున్నట్టు. ఒక్కొక్కరి పని విడిగా చూస్తే ఏ తప్పూ కనపడదు. ఎవరు ముందు చదివారు, ఎవరు తర్వాత రాశారు అన్న దగ్గరే కొంప మునుగుతుంది.

ఆ వరసలు తెలుసుకోడానికి ఆమె రంగు కాగితాలు చీటీలుగా కత్తిరించుకునేది. ఒక థ్రెడ్డుకి గులాబీ, ఇంకో దానికి పసుపు. అడుగుకో చీటీ. ఒకరివి మూడు, ఇంకొకరివి మూడు ఉంటే, ఎవరి క్రమం వాళ్లది చెడకుండా కలిపి పేర్చడానికి మొత్తం ఇరవై వరసలు. నాలుగూ నాలుగూ అయితే డెబ్భై. అన్నీ బల్ల మీద పేర్చి, ఒక్కో వరసా పైనుంచి కిందికి వేలుపెట్టి చదివి, "ఇప్పుడు గడిలో ఏముంది?" అని తనని తనే అడుక్కునేది. ఇరవయ్యీ చూడకుండా లేచేది కాదు. ఈ పని ఆమెకెవరూ నేర్పలేదు. ఆఫీసులో అంకెలు టైపు చెయ్యడానికి వచ్చి, యంత్రాలతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకం మూడేళ్లు చదివి, అట్ట ఊడిపోయేసరికి దాంట్లో లేనివి కూడా తెలుసుకుంది. పెద్ద చదువుల వాళ్లు వచ్చి గంటలు గంటలు మాట్లాడి వెళ్లిపోయాక, తప్పు ఎక్కడుందో ఆమె కాగితం మీద వేలుపెట్టి చూపించేది.

పన్నెండేళ్ల క్రితం మొగుడు వదిలేస్తే అన్నే తీసుకొచ్చి తన ఇంటి వెనక గదిలో పెట్టాడు. ఉద్యోగమూ అతనే వేయించాడు. ఆ సంగతి వారానికోసారి గుర్తుచేసేవాడు.

"మేమంతా ఇనుముతో కుస్తీ పడుతుంటే మా చెల్లెలు పైన కూచుని పేకాడుతుందిరా" అని షాపులో అనేవాడు. ఇంట్లో వదిన అన్నం వడ్డిస్తూ, "పేకాటకి కూడా ఆకలేస్తుందా?" అనేది. ఆమె తలొంచుకుని తినేది.

ఆ రోజు పొద్దున పదిన్నరకి, టీ తాగి వచ్చిన పది నిమిషాలకి, ఏడో నంబరులో ఒక రేకు ముక్క డైకి, అంటే రేకుని వంచే అచ్చుకి, అతుక్కుపోయింది. అలా అతుక్కోవడం రోజూ ఉండేదే. ప్రెస్సు దెబ్బ వేసి పైకి లేవగానే అతను చెయ్యి లోపలికి పెట్టాడు. ప్రెస్సుకి రెండు పక్కలా దీపాలు, వాటి మధ్య కనపడని కిరణాల తెర. షాపులో దాన్ని కన్ను అంటారు. చెయ్యి ఆ తెర దాటితే ప్రెస్సు కిందికి రాకూడదు.

వచ్చింది.

కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. యంత్రం ఆపింది ఏడున్నర. తన చొక్కా చింపి కట్టు కట్టిందీ అతనే.  సాయంత్రం చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఎవరో అడిగితే, "ఎవరు, ఆరా? ఆస్పత్రిలో ఉన్నాడు" అన్నాడు. షాపంతా పడీపడీ నవ్వింది. కట్టు ఆరకముందే పేరు పదినుంచి ఆరుకి మారిపోయింది.

మేనేజరు అంతకంటే తొందరపడ్డాడు. "కన్నుకి గుడ్డ కట్టుంటాడు" అన్నాడు. పని తొందరగా జరగాలని కొందరు అలా కట్టడం నిజమే. గుడ్డ కట్టిన కన్నుకి చెయ్యి కనపడదు. పది రోజుల్లో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి విచారిస్తాడు, అతను కన్ను కప్పాడని కాగితం మీద పడితే ఉద్యోగం పోతుంది, ముప్పై ఏళ్ల పనితనం మీద బురద పడుతుంది.

చెల్లెలు ఆస్పత్రికి వెళ్లేసరికి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేను కన్ను కప్పలేదు" అన్నాడు.

"తెలుసు అన్నయ్యా."

"నీకు తెలిస్తే ఏం లాభం? ఆ కాగితం మీద రాయించు. వేళ్లు అడగటం లేదు నిన్ను. కన్ను కప్పలేదు అని ఒక్క ముక్క రాయించు చాలు. పన్నెండేళ్లు నా ఇంట్లో కూచుని చీటీలు పేర్చావు కదే, ఒక్కసారి పనికొచ్చే ఆట ఆడు."

ఆమె మర్నాడే ఏడో నంబరు దగ్గర ఒక కర్రముక్క బిగించింది. చెయ్యి బదులు అది ప్రతి దెబ్బకీ డైలోకి వెళ్లి వస్తూ ఉంటుంది. ప్రోగ్రాంలో ప్రతి అడుగు దగ్గరా, ఏ థ్రెడ్డు ఎప్పుడేం చేసిందో రాసిపెట్టే వాక్యం చేర్చింది. రెండు రోజులు నడిపింది. కర్రకి గీత కూడా పడలేదు. ఎందుకో ఆమెకి తెలుసు. రాసిపెట్టడానికి కూడా సమయం పడుతుంది. ఆ సమయంలో థ్రెడ్ల అడుగులు ఒకదాన్నుంచి ఒకటి దూరం జరుగుతాయి, ఢీకొట్టుకోవలసినవి పక్కపక్కనుంచి వెళ్లిపోతాయి. కనిపెట్టుకుని ఉన్నంతసేపూ ఇలాంటి తప్పు బుద్ధిగా కూర్చుంటుంది. ఆ వాక్యాలన్నీ తీసేసి, మళ్లీ చీటీలు కత్తిరించుకుంది.

నాలుగో రోజు లెక్కపెట్టే థ్రెడ్డు, కన్ను థ్రెడ్డు పక్కపక్కన పెట్టింది. గులాబీవి: గడి చదువు, ఒకటి కలుపు, గడిలో రాయి. పసుపువి: గడి చదువు, చెయ్యి ఉందని గుర్తు పెట్టు, గడిలో రాయి. రెండింటిదీ ఒకటే గడి. మొదట ఈ ప్రోగ్రాం రాసినవాడెవడో మెమరీ ఖర్చవుతుందని పిసినారితనంగా లెక్కనీ గుర్తునీ ఒకే గడిలో ఇరికించాడు.

ఇరవై వరసలు పేర్చింది. రెండే సరిగ్గా వచ్చాయి. తొమ్మిదింట్లో దెబ్బల లెక్క ఒకటి తగ్గింది. మిగిలిన తొమ్మిదింట్లో లెక్క సరిగ్గానే ఉంది, చెయ్యి గుర్తు చెరిగిపోయింది. గులాబీ పాత గడిని చదువుకుని పెట్టుకుంది. ఈలోగా పసుపు వచ్చి చెయ్యి ఉందని రాసింది. గులాబీ తన పాత గడికే ఒకటి కలిపి దానిమీద రాసేసింది. కన్ను ఒక్కసారే రాస్తుంది, చెయ్యి లోపలికి వెళ్లినప్పుడు. మళ్లీ చెయ్యి బయటికి వచ్చేదాకా రాయదు. అందాకా ప్రెస్సుకి లోపల ఖాళీయే.

లెక్క పెరిగేది దెబ్బ పడగానే. అతుక్కున్న ముక్క కోసం చెయ్యి వెళ్లేదీ దెబ్బ పడగానే. లక్షలో ఒకసారి ఆ రెండూ రెప్పపాటులో వెయ్యోవంతులో కలుస్తాయి.

ఇలాంటి చోట తాళం ఉండాలి. ఒకరు గడిని పట్టుకున్నప్పుడు ఇంకొకరు ముట్టకుండా. పసుపు దగ్గర తాళం ఉంది. గులాబీ దగ్గర లేదు. ఒకవైపే వేసిన తాళం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎవరు తీశారో చూద్దామని మార్పుల రిజిస్టరు తెరిచింది. రెండేళ్ల వెనక్కి వెళ్లాక దొరికింది.

"దెబ్బల లెక్క దగ్గర తాళం తీసివేశాను. లెక్క ఒకటి తప్పొచ్చు. ప్రమాదం లేదు." కింద ఆమె సంతకం.

అప్పుడు నిమిషానికి ఇరవై ఆరు దెబ్బలు పడేవి, మేనేజరు ముప్పై కావాలన్నాడు. లెక్కపెట్టే థ్రెడ్డు తాళం పట్టుకుని కూర్చుని ఆఫీసు కంప్యూటరు తెరకి అంకె పంపేదాకా వదిలేది కాదు, మిగతావన్నీ ఆగేవి. ఆమె గులాబీ చీటీలు పేర్చి, లెక్కకి ఏమవుతుందో మాత్రమే చూసింది. లెక్క ఒకటి తగ్గితే కొంపలేం మునగవు. ఆ రోజు పేర్చింది మొదటి తొమ్మిది వరసలు. రెండో తొమ్మిదీ పేర్చకుండా లేచింది. జీవితంలో ఒక్కసారి.

రిజిస్టరు మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ చదివింది. అక్షరాలు అందంగా, ఒత్తుగా ఉన్నాయి.

విచారణ రోజు ఏడో నంబరు చుట్టూ నాలుగు కుర్చీలు వేశారు. ఇన్‌స్పెక్టరు, మేనేజరు, చేతికి కట్టుతో అన్న, ఆమె. ముందు ఆమె గులాబీ థ్రెడ్డులో చదవడానికీ రాయడానికీ మధ్య అరసెకను ఆలస్యం పెట్టి ప్రెస్సు నడిపింది. కర్ర తెగింది. ఇంకో కర్ర పెట్టింది, అదీ తెగింది. మూడోదీ తెగింది. అన్న ముందుకి వంగాడు. పది రోజుల్లో మొదటిసారి అతని మొహంలో రక్తం కనిపించింది.

"చూశారా సార్! కన్నుకి గుడ్డ ఉందా ఇప్పుడు?" అన్నాడు.

మేనేజరు మెత్తగా అడిగాడు. "మేడమ్, ఆ ఆలస్యం పెట్టింది ఎవరు?"

"నేనేనండి. సందు పెద్దదై కనపడాలని. సందు అంతకుముందునుంచీ ఉందండి."

"అంటే మీరు ప్రోగ్రాం పాడుచేశారు, పాడైన ప్రోగ్రాం కర్రని కోసింది. పాడుచెయ్యకుండా చూపించండి."

ఇన్‌స్పెక్టరు తలూపాడు. అడిగినదాంట్లో తప్పేముంది అన్నట్టు.

ఆలస్యం తీసేసి నడిపింది. గంట గడిచింది. రెండు గంటలు. కర్ర లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది. షాపులో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు. "ఆరూ, నీ కర్రకి వేళ్లు మొలిచేట్టున్నాయిరా" అన్నాడు ఏడున్నర, చాలా ప్రేమగా. మూడు గంటలకి అయిదు వేల నాలుగు వందల దెబ్బలు పడ్డాయి. భోజనాల సైరను మోగింది. మేనేజరు కర్ర ఊడదీసి, వేలితో తడిమి, ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు.

"లక్షకి ఒకసారండి" అంది ఆమె. "రెండు రోజులు నడపనివ్వండి. మూడు రోజులు."

"కర్ర తెగేదాకా నేనిక్కడే కాపరం పెట్టనా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చెడ్డవాడేమీ కాదు. ఆకలిమీద ఉన్నాడు.

అప్పుడామె రిజిస్టరు తీసి అతని ముందు పెట్టింది.

"తాళం తీసింది నేనండి. తప్పు నాది. రెండో సగం పేర్చి చూడలేదు. మా అన్నయ్య కన్ను కప్పలేదు."

అన్న తలతిప్పి ఆమెని చూశాడు. మేనేజరు రిజిస్టరు అందుకుని పైకి చదివాడు, బడిపిల్లాడు పద్యం చదివినట్టు. "లెక్క ఒకటి తప్పొచ్చు. ప్రమాదం లేదు. ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"అన్నకి ఏమీ కానప్పుడు ప్రమాదం లేదని రాశారు. అన్నకి అయ్యాక ప్రమాదం ఉందంటున్నారు. ఏ మేడమ్‌ని నమ్మమంటారు సార్ని?"

ఆమె చీటీలు పరచబోయింది. ఇన్‌స్పెక్టరు ఆమె చేతిమీద చెయ్యి వేసి ఆపాడు. "నాకూ చెల్లెలుందమ్మా. నాకోసం ఆమె కూడా ఇలాగే నెత్తిన వేసుకుంటుంది. అర్థం చేసుకోగలను." ఆ మాట అని, కాగితం మీద ఆపరేటరు అజాగ్రత్త అని రాశాడు. కన్ను కప్పి ఉండవచ్చు అని కింద ఇంకో వాక్యం చేర్చాడు.

అన్న ఎడమచేత్తో సంతకం పెట్టాడు. పెట్టడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఓపిగ్గా చూశారు.

మర్నాడు పొద్దున మేనేజరు ఆమెని పిలిచాడు. "ఆ తాళం పదకొండు ప్రెస్సుల్లోనూ మళ్లీ పెట్టేయండి మేడమ్. రిజిస్టరులో అదనపు జాగ్రత్త అని రాయండి."

"ప్రోగ్రాంలో తప్పు లేదన్నారుగా?"

"లేదనే అంటున్నాను. పెట్టమనీ అంటున్నాను. రెండూ ఒకేసారి నడుస్తాయి, మీ థ్రెడ్లలాగే" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.

ఆమె తాళం పెట్టింది, ఈసారి అంకె పంపేముందే వదిలేట్టు. దాంతో సరిపెట్టలేదు. లెక్కని ఒక గడిలో, గుర్తుని వేరే గడిలో పెట్టింది. గడులు వేరయ్యాక ఒకరి రాత ఒకరు చెరిపే దారే లేదు. ఇరవై వరసలూ రెండుసార్లు పేర్చి చూసింది. ఇరవయ్యీ సరిగ్గా వచ్చాయి. వేగం కొంచెం కూడా తగ్గలేదు, నిమిషానికి ముప్పై దెబ్బలు అలాగే పడుతున్నాయి. మొత్తం పని మూడు గంటలు పట్టింది. రెండేళ్ల క్రితం చేసినా అంతే పట్టేది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వదిన కంచం పెట్టి కూర్చుంది.

"రామ్మా, నిన్న కూడా సరిగ్గా తిన్లేదు నువ్వు" అంది. పన్నెండేళ్లలో అలాంటి మాట ఇదే మొదలు. "అన్న కోసం తప్పు నీమీద వేసుకున్నావట కదా. పక్కింటావిడకి కూడా చెప్పాను, మా ఆడబిడ్డ అలాంటిది అని. ఇన్నాళ్లూ నిన్ను ఏవేవో అన్నాను. మనసులో పెట్టుకోకు."

ఆమె ముద్ద కలిపి కంచంలోనే వదిలేసింది. అన్న కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో చొక్కా బొత్తాం పెట్టుకోడానికి తంటాలు పడుతున్నాడు. మూడుసార్లు జారింది. వదిలేశాడు.

"ఆ చీటీలు తెచ్చావా?" అన్నాడు.

"సంచిలో ఉన్నాయి."

"పేర్చు. నాకు అర్థమయ్యేట్టు పేర్చు."

వదిన వంటింట్లోకి వెళ్లాక ఆమె బల్లమీద ఒకే ఒక్క వరస పేర్చింది. అతను ఎడమచేతి చూపుడువేలు మొదటి చీటీ మీద పెట్టాడు.

"ఇది?"

"లెక్కపెట్టేది గడి చదువుకుంది."

"ఇది?"

"నీ చెయ్యి లోపలికి వెళ్లింది. కన్ను చూసింది. ఇదిగో, చెయ్యి ఉందని రాసింది."

"రాసింది కదా మరి."

"రాసింది. తర్వాత లెక్కపెట్టేది వచ్చి తన పాతది దానిమీద రాసేసింది."

"నేనున్నానని ఒకడు రాస్తే ఇంకోడు చూడకుండా తుడిచేశాడు."

"అవును."

"తుడిచినవాడికి తెలీదు."

"తెలీదు."

"తాళం ఉంటే?"

"ఒకరు రాయడం అయ్యేదాకా ఇంకొకరు ఆగేవాళ్లు."

అతను చీటీల మీంచి వేలు తీశాడు. "వాళ్లు నిన్ను నమ్మలేదు" అన్నాడు. "ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. మీ వదిన నమ్మలేదు, మంచితనం అనుకుంటోంది. నేను నమ్మాను."

ఆమె పక్కకి జరిగిన చీటీ ఒకటి సరిచేసింది.

"ఏమనుకుని తీశావే?"

"లెక్క ఒకటి తప్పొచ్చు, అంతే అనుకున్నాను."

అతను కట్టున్న చెయ్యి మెల్లగా ఎత్తి, వరస మధ్యలో, గులాబీకీ పసుపుకీ మీదుగా పెట్టాడు.

"ఒకటి కాదు. నాలుగు."

"ఏంటి నాలుగు?" అని వదిన లోపల్నుంచి అడిగింది.

"ఏం లేదు. నీ ఆడబిడ్డకి లెక్కలు చెబుతున్నా."

"అన్నయ్యా, నేను వేరే ఎక్కడైనా గది చూసుకుంటాను" అంది ఆమె, గొంతు తగ్గించి.

"ఎక్కడికి పోతావు? మీ వదిన ఇవాళే నిన్ను మంచిదనుకుంది. అనుకోనీ. నువ్వు నోరు తెరిచి ఆ సంతోషం కూడా తుడిచెయ్యకు. ఇక్కడే ఉండు. రోజూ పొద్దున్నే వచ్చి నా చొక్కా బొత్తాలు పెట్టి పనికి వెళ్లు."

ఆ మర్నాటినుంచీ అలాగే జరిగింది. అతనికి వెళ్లాల్సిన చోటేమీ లేదు. అయినా పాత యూనిఫాం చొక్కా తొడుక్కుని ముందుగదిలో నిటారుగా నిలబడేవాడు, షాపులో డ్యూటీకి నిలబడ్డట్టు. ఆమె ఎదురుగా నిలబడి, మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టేది. ఒక్కో బొత్తాం పెడుతుంటే అతను పైకి లెక్కపెట్టేవాడు. కుడిచెయ్యి ఆమె కళ్లకెదురుగా, రెండు మొహాల మధ్య ఉండేట్టు ఎత్తి పట్టుకునేవాడు.

ఒకరోజు ఆమె ఒక కాజా వదిలేసి కింది దాంట్లో పెట్టింది. చొక్కా వంకరగా వేలాడింది. అతను లెక్క ఆపాడు.

"తప్పావు. అన్నీ తీసెయ్. మళ్లీ మొదట్నుంచి."

ఆమె ఒక్కొక్కటే తీసి, మెడ దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. వదిన గుమ్మంలో నిలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ చూస్తోంది.

"ఎంత ఓపికమ్మా నీకు" అంది.